గళ్ల పట్టికలో సగటు లెక్కలు



విజయవాడ బాటను హైదరాబాదునకు వచ్చు నల్లగొండ, సూర్యాపేట ప్రాంతములవారికి ఎల్.బి.నగరు కూడలియు, దానిని దాటిన పిమ్మట వచ్చు దిలుసుఖ్‌నగరును క్రొత్త తావులు కావు. పిల్లల చదువులకై గది చూచుటకో, ఆసుపత్రికో, 2021 వరకు గడ్డిఅన్నారము పండ్ల మార్కెట్టునకు మామిడికాయల బండ్లతోనో మీలో పలువురు అచ్చట దిగినవారే. దిలుసుఖ్‌నగరున ఏ మేడమెట్ల మొదట నిలిచి తల యెత్తినను శిక్షణాలయముల పలకలే కనబడును. ఆ పలకలమీద ‘ఎక్సెల్’ అను మాట తరచుగా నుండును. మీ మనుమడో మనుమరాలో ఆ మెట్లెక్కి దానిని నేర్చుచునే యుండవచ్చును. పండుగకు ఊరికి వచ్చినపుడు “అదేమి విద్యరా?” యని యడిగినచో, “లెక్కలు తాతా” యని చెప్పి ఊరకుందురు. ఆ లెక్కలలో మిక్కిలి చిన్నవి, ఐనను సేద్యము చేయువానికి మిక్కిలి అక్కరకు వచ్చునవి కొన్ని గలవు. వానిని గూర్చి నేడు ముచ్చటింపదలచితిని.

ఈ గళ్ల పట్టిక మీరెరుగని వస్తువు కాదు. పట్వారీ చేతి పహాణీని మీరందరు చూచియే యుందురు. ఆంధ్రదేశమువారు దానిని అడంగలు అందురు. అడ్డముగా పోవు ప్రతి వరుసయు ఒక సర్వే నంబరు. నిలువుగా దిగు ప్రతి వరుసయు ఒక విషయము: విస్తీర్ణమెంత, పట్టాదారెవరు, నీటి యాధారమేది, వేసిన పంట యేది. అడ్డువరుసయు నిలువువరుసయు కలియుచోట ఒక గడి. కంప్యూటరులోని పట్టికయు ఇట్టిదే. నిలువువరుసలకు ఆంగ్లాక్షరములును, అడ్డువరుసలకు అంకెలును పేర్లు. కనుక రెండవ నిలువువరుసయు ఐదవ అడ్డువరుసయు కలియు గడికి ‘బి5’ అని పేరు. కాగితమునకును దీనికిని భేద మొక్కటియే. కాగితముపై ఒక యంకెను దిద్దినచో దిగువనున్న మొత్తమును మరల మనమే కూడవలెను. ఇచ్చట మొత్తము తనంతట తాను మారును. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అను నిరువురు ‘విసికాల్క్’ అను పేర ఇట్టి పట్టికను చిన్న కంప్యూటరులకు సమకూర్చిరి. మైక్రోసాఫ్టు కంపెనీవారి ఎక్సెల్ 1985లో వెలువడినది. నేటి ఎక్సెల్‌లో ఒక్క పుటకు 10,48,576 అడ్డువరుసలు గలవు. ఒక గ్రామపు పహాణీ యందులో ఒక మూలకు సరిపోవును.

ఇక లెక్కలోనికి వత్తము. ఒక వేసవి ఉదయమున ఒక గ్రామమునుండి తొమ్మిదిమంది రైతులు మామిడికాయలను మార్కెట్టునకు తెచ్చిరనుకొందము. ఈ ధరలు నేను లెక్కకై కల్పించుకొన్నవే గాని ఏ మార్కెట్టు చిట్టాలోనివియు కావు. వేలమున క్వింటాలునకు పలికిన ధరలు రూపాయలలో ఇట్లున్నవి: 2,200, 2,400, 2,500, 2,500, 2,600, 2,700, 2,800, 3,000, 7,500. వీనిని రెండవ నిలువువరుసలో బి2 మొదలు బి10 వరకు ఒకదానిక్రింద నొకటిగా వ్రాయవలెను. పిమ్మట ఒక ఖాళీగడిలో సమానపు గుర్తు పెట్టి ‘= యావరేజి (బి2:బి10)’ అని వ్రాసినచో సగటు వచ్చును. ఈ మాటలను నేను తెనుగు లిపిలో చెప్పుచున్నాను గాని యంత్రమున ఆంగ్లాక్షరములతోనే వ్రాయవలెను. నడుమనున్న రెండు చుక్కలకు ‘మొదలు… వరకు’ అని యర్థము.

మొత్తము 28,200, తొమ్మిదింట భాగించిన సగటు 3,133 రూపాయలు. ఆ సాయంకాలము ఎవరైన ఊరికి వచ్చి “నేడు మన గ్రామపు కాయకు సగటున మూడువేల నూరు పైచిలుకు పలికినది” అని చెప్పినచో అందులో అబద్ధమేమియు లేదు. ఐనను తొమ్మిదిమందిలో ఎనమండుగురు ఆ ధరకు తక్కువకే అమ్మిరి. ఆ మాట నమ్మి మరునాడు తోట కోయించి కూలి, కిరాయి ఇచ్చి బండి కట్టినవాడు ఎంత చిక్కున పడునో మీకు వేరుగ చెప్పనక్కరలేదు.

దీనికి మందు మధ్యగతము. ధరలను చిన్నదానినుండి పెద్దదానివరకు వరుసగ నిలిపి సరిగా నడుమనున్నదానిని తీయుటయే దాని లెక్క. ఇచ్చట ఐదవది, 2,600. యంత్రమున ‘= మీడియన్ (బి2:బి10)’ అని వ్రాయవలెను; వరుసగ నిలుపు శ్రమను అదియే పడును. సగము మంది దీనికి పైన, సగము మంది దీనికి క్రింద. పైవాడు 7,500కు బదులు 75,000కు అమ్మినను మధ్యగతము కదలదు. గ్రామమున మామూలు రైతునకు ఏమి దక్కినదో తెలియగోరువారికి సగటుకంటె మధ్యగతమే నమ్మదగినదని నా యభిప్రాయము. వార్తాపత్రికలు సగటునే చెప్పి ఊరకొనుట నాకెన్నడును నచ్చలేదు.

మూడవది బాహుళకము, అనగా మిక్కిలి మార్లు వచ్చిన విలువ. ‘మోడ్’ అను మాటతో దానిని రాబట్టుదురు. ఇచ్చట 2,500 రెండుమారులు వచ్చినది గనుక అదియే బాహుళకము. ఏ విలువయు రెండుమారులు రానిచో యంత్రము తప్పుగుర్తు చూపును. ఏ కొలత చెప్పులు ఎక్కువగ అమ్ముడుపోవునని చూచుకొను దుకాణదారునకు ఇది పనికివచ్చును. ధరల విషయమున దీనిపై నేను ఆధారపడను.

అయితే అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న యొకటి గలదు. ఆ 7,500 ఎక్కడిది? ఎనమండుగురు తెచ్చినది బేనీషాను. తొమ్మిదవవాడు తెచ్చినది హిమాయతు. రెండు జాతులను ఒక్క వరుసలో కలిపి సగటు కట్టుటయే మొదటి పొరపాటు. హిమాయతును వేరు చేసిన పిమ్మట మిగిలిన యెనిమిదింటి సగటు 2,587 రూపాయల 50 పైసలు, మధ్యగతము 2,550. ఇప్పుడు రెండును దాదాపు ఒక్కటే చెప్పుచున్నవి. సగటును మధ్యగతమును ఒకదానికొకటి దూరముగ నున్నపుడెల్ల, పట్టికలో ఏదియో జొరబడినదని శంకింపవలెను.

ధరల సగటులో మరియొక మోసము గలదు. ఇందు ఎవరిని తప్పు పట్టుటకు వీలులేదు, లెక్కయే అట్టిది. ఒక రైతు 10 క్వింటాళ్లు 3,000 చొప్పునను, 40 క్వింటాళ్లు 2,000 చొప్పునను అమ్మెననుకొనుడు. రెండు ధరల సగటు 2,500 అని యంత్రము చెప్పును. కాని చేతికి వచ్చిన సొమ్ము 30,000 కలిపి 80,000, అనగా 1,10,000. దానిని 50 క్వింటాళ్లచే భాగించినచో 2,200 మాత్రమే. క్వింటాలునకు 300 తేడా, మొత్తముమీద 15,000 రూపాయలు. ధరను బరువుతో గుణించి, ఆ గుణితములను కూడి, మొత్తము బరువుచే భాగించుటయే సరియైన పద్ధతి. ధరలు బి వరుసలోను బరువులు సి వరుసలోను ఉన్నపుడు ‘సమ్‌ప్రోడక్ట్’ అను మాట ఆ గుణించి కూడు పనిని ఒక్కమారుగ చేయును. దానిని బరువుల ‘సమ్’చే భాగించిన చాలును. తక్‌పట్టీలను దాచుకొనువారు ఈ లెక్కను ఇంటికడనే చేసి చూచుకొనవచ్చును.

ఇక నాకు మిక్కిలి ముఖ్యమని తోచిన సంగతికి వచ్చుచున్నాను. అది ఖాళీగడికిని సున్నకును గల భేదము.

పంట బీమాలో పరిహారము ఒక్కొక్కరి నష్టమును చూచి గాక, గ్రామమో మండలమో ఒక యూనిట్టుగ దాని సగటు దిగుబడిని చూచి నిర్ణయింపబడు పద్ధతి గలదు. 2016లో ఆరంభమైన ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజనలోని పద్ధతి యిదియే. తెలంగాణము 2020లో ఆ పథకమునుండి వైదొలగినది; ఆంధ్రప్రదేశమును ఆ యేడు విడిచి 2022లో మరల చేరినది. రాష్ట్రములు చేరుటయు విడుచుటయు ఎట్లున్నను లెక్క తెలిసియుండుట మేలు. దిగుబడిని తేల్చుటకు పంటకోత ప్రయోగము చేయుదురు. కొన్ని పొలములను యాదృచ్ఛికముగ ఎన్నుకొని, వరి యైనచో సాధారణముగ నిలువు 5 మీటర్లు, అడ్డము 5 మీటర్లు గల చదరమును త్రాడుతో గుర్తించి, అందలి పంటను కోసి, నూర్చి, తూచుదురు. కొద్ది చదరములను చూచి ఊరిపంటనంతను అంచనా కట్టు ఈ విద్యకు మన దేశమున 1940వ దశకమున ప్రశాంత చంద్ర మహలనోబిస్, పి.వి.సుఖాత్మే అను పండితులు గట్టి పునాది వేసిరి. తెనుగువారును ఇందు వెనుకబడినవారు కారు. 1920లో హడగలిలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయమున గణితము చదివి, కలకత్తాలో మహలనోబిస్ కడ చేరిన సి.ఆర్.రావుగారు 1945లో, అనగా ఇరువదియైదేండ్ల ప్రాయముననే, ఇట్టి యంచనాలు ఎంత ఖచ్చితముగ నుండగలవో, ఏ హద్దునకు మించి ఖచ్చితము కానేరవో గణితముతో నిరూపించిరి. నూటరెండేండ్లు జీవించి 2023లో గతించిరి. 1945 నాటికి ఈ గళ్ల పట్టికలు లేవు. చేతితో త్రిప్పు యంత్రములతో గుణించి భాగించిరి.

ఇప్పుడు లెక్క. గత యేడేండ్ల దిగుబడులు, ఎకరమునకు క్వింటాళ్లలో, 20, 23, 14, 22, 24, 12, 21 అనుకొందము. ఆ పథకపు నిబంధన ప్రకారము ఏడింట మేలైన ఐదేండ్ల సగటు తీయవలెను. 14ను 12ను విడిచినచో మిగిలినవాని మొత్తము 110, సగటు 22. దీనిని హామీస్థాయితో గుణింతురు. అది 70, 80, 90 పాళ్లలో ఏదో యొకటిగా నుండును. 90 అనుకొనినచో 19.8 క్వింటాళ్లు. ఈ యేటి సగటు అంతకు తగ్గినచో పరిహారము. తగ్గకున్నచో ఏమియు లేదు.

ఈ యేడు పది పొలములు ఎన్నికయైనవి. ఎనిమిదింట దిగుబడి 22, 20, 24, 18, 21, 23, 19, 25. తక్కిన రెండును వాగు ప్రక్కనున్నవి. నాటు వేసి, ఎరువు చల్లి, వెన్ను తీయుకాలమున వరద వచ్చి గింజ యైనను దక్కలేదు. పట్టిక నింపువాడు ఆ రెండు గళ్లలో ఏమి వ్రాయవలెను? “అచ్చట కోత లేదు గదా” యని విడిచిపెట్టినాడనుకొనుడు. ‘యావరేజి’ అను మాటకు ఒక స్వభావము గలదు. అది ఖాళీగడిని లెక్కలోనికి తీసికొనదు, సున్నను తీసికొనును. ఖాళీగ విడిచినచో యంత్రము 172ను ఎనిమిదిచే భాగించి 21.5 అని చెప్పును. సున్న వ్రాసినచో అదే 172ను పదిచే భాగించి 17.2 అని చెప్పును. మొదటిది 19.8కి పైన, గ్రామమున నెవ్వరికిని పైస రాదు. రెండవది క్రింద, 2.6 క్వింటాళ్ల లోటు, హామీలో నూటికి 13 పాళ్లకు కొంచెము పైన. ఎకరమునకు బీమా మొత్తము 40,000 అనుకొనినచో ఎకరమునకు సుమారు 5,250 రూపాయలు. రెండు సున్నలు వ్రాసిన యూరికిని వ్రాయని యూరికిని ఇంత తేడా. యంత్రము తప్పు చేయలేదు. ఖాళీగడి యనగా ‘తెలియదు’ అనియు, సున్న యనగా ‘తెలిసినది, ఏమియు పండలేదు’ అనియు దాని భాష. వ్రాయువానికి ఆ భాష రాకపోవుటయే ముప్పు.

పండని పొలమునకు సున్న వేయవలె నన్న మాట నిజమే గాని, పంటయే వేయని పొలమునకు సున్న వేయుట అంతకంటె పెద్ద తప్పు. అది సగటును అన్యాయముగ పడద్రోయును. మంచి సంవత్సరమున అట్లు చేసినచో రాబోవు యేండ్ల హామీయే తగ్గును. కనుక ఏ గడి ఎందుకు ఖాళీగ నున్నదో వ్రాయుటకు ప్రక్కన ఒక వరుస యుండవలెను. పాత పహాణీలో కైఫియతు వరుస పెట్టినవారు బుద్ధిమంతులు.

దీనిని కనిపెట్టుటకు సులభోపాయమొకటి చెప్పుదును. సగటు చూచుటకు ముందే ‘కౌంట్’ అను మాటను వేయించి చూడుడు. అది గళ్లలో ఎన్నింట అంకెలున్నవో లెక్కించును. పది పొలములుండగా ఎనిమిది యని చెప్పినచో అచ్చటనే ఆగి యడుగవలెను. అంకెను అంకెగా గాక అక్షరముగ వ్రాసిన గడియు, ‘22 క్వి.’ అని ప్రక్కన మాట చేర్చిన గడియు అట్లే లెక్కకు రాకుండ పోవును. కంటికి అంకెవలెనే కనబడును. యంత్రమునకు మాత్రము అది మాట.

ఇట్టి పొరపాట్లు పల్లెకే పరిమితమని తలపకుడు. 2010లో అమెరికాలో కార్మెన్ రైన్‌హార్ట్, కెన్నెత్ రోగాఫ్ అను నిరువురు పేరుపొందిన ఆర్థికవేత్తలు దేశముల అప్పును గూర్చి ఒక వ్యాసము వ్రాసిరి. అప్పు మితిమీరిన దేశముల యభివృద్ధి సగటున కుంటుపడినదని వారి లెక్క. పెక్కు దేశముల పాలకులు దానిని చూపి ఖర్చులు తగ్గింప వాదించిరి. 2013లో థామస్ హెర్న్‌డన్ అను విద్యార్థి వారి ఎక్సెల్ పట్టికను తెప్పించుకొని చూడగా, సగటు కట్టు గళ్ల హద్దు ఐదు వరుసలు ముందే ఆగిపోయినట్లు తేలినది. ఇరువది దేశములలో ఆస్ట్రేలియా, ఆస్ట్రియా, బెల్జియము, కెనడా, డెన్మార్కు అను ఐదును లెక్కకే రాలేదు. వారి ఫలితము మారుటకు ఇతర కారణములును గలవు గాని, ఈ తప్పును వారే ఒప్పుకొనిరి. ‘బి2:బి10’ అని వ్రాయవలసినచోట ‘బి2:బి8’ అని వ్రాసినట్టిదే అది.

నేనును చేసితిని. పది దినముల కూలిలెక్క వ్రాయుచు దినమునకు 500 చొప్పున నింపితిని. ఒకచోట సున్న యొకటి అధికమై 5,000 పడినది. సగటు 950 అని వచ్చినపుడు కూలి యింత పెరిగినదేమని కాసేపు విచారపడితిని గాని వ్రేలి తప్పని తట్టలేదు. మధ్యగతము మాత్రము 500గనే యున్నది. ‘మిన్’ అను మాట మిక్కిలి చిన్నదానిని, ‘మ్యాక్స్’ అను మాట మిక్కిలి పెద్దదానిని చూపును; ఆ రెంటి తేడాకు వ్యాప్తి యని పేరు. మ్యాక్స్ వేసిన వెంటనే 5,000 బయటపడినది.

చివరకు క్రమవిచలనము. పేరు బరువైనది గాని పని తేలికయే. రెండు గ్రామముల ఐదేండ్ల దిగుబడి చూడుడు. ఒకదానిలో 19, 20, 21, 20, 20. రెండవదానిలో 8, 30, 12, 28, 22. రెంటికిని సగటు 20యే. సగటు ఒక్కటే యని రెండు గ్రామములకు ఒక్కతీరు అప్పు ఇయ్యవచ్చునా? మొదటి గ్రామమువాడు ఏటేట వాయిదా కట్టగలడు. రెండవ గ్రామమువాడు 8 పండిన యేట కట్టలేడు, మరుసటి యేట 30 పండినను వడ్డీకే పోవును. ఆ ఒడుదుడుకును ఒక్క యంకెలో చెప్పునదే క్రమవిచలనము. ప్రతి యేటి దిగుబడి సగటునకు ఎంత దూరమున నున్నదో చూచి, ఆ దూరములను వర్గము చేసి కూడి, యేండ్ల సంఖ్యలో ఒకటి తగ్గించి భాగించి, వర్గమూలము తీయుదురు. మొదటి గ్రామమునకు 0.71, రెండవదానికి 9.70 వచ్చును. ఒకటి తగ్గించుట యెందుకనగా, మన చేతనున్నవి ఐదేండ్ల మచ్చు మాత్రమే. ఆ మచ్చునుండియే సగటును తీసికొంటిమి గనుక దూరములు ఉన్నదానికంటె కొంచెము చిన్నవిగ కనబడును, ఆ లోటును పూడ్చుటకు. ఎక్సెల్‌లో ఇట్టి మచ్చునకు ‘ఎస్‌టిడెవ్ చుక్క ఎస్’ అనియు, మచ్చు గాక మొత్తమే చేతనున్నపుడు ‘ఎస్‌టిడెవ్ చుక్క పి’ అనియు రెండు మాటలు గలవు. దిలుసుఖ్‌నగరున నేర్చివచ్చిన పిల్లలు ఈ రెంటికి భేదమడిగినపుడు తరచుగా తడబడుదురు. ఈ సంక్రాంతికి మీ మనుమడు వచ్చినపుడు, బీరువాలోని తక్‌పట్టీల కట్టను అతని ముందుంచి, మొదట కౌంట్ వేయుమనుడు.